దుమ్ములగొండ్లు కాదన్న మనిషి

మా ఆయన పర్మువాట్‌ను దుమ్ములగొండ్లు ఒకసారి కాదన్నాయి. ఆయన బతికుండగా ఈ మాట నేను ఎవరి ముందూ అనలేదు. అనాల్సిన అవసరమూ రాలేదు. ఆవులు మేపుకు బతికే మా లోయిటా మైదానంలో నాకంటే ముందే అందరూ అనేశారు. నీళ్ళకు వెళితే అదే మాట, సంతకు వెళితే అదే మాట. పెళ్ళాం వదిలేసి పోతే మాలో మగవాడి పరువుకు ఏమీ కాదు, ఇంకొకతెను తెచ్చుకుంటాడు. దుమ్ములగొండి వదిలేసి పోతే మాత్రం ఇక తలెత్తుకు తిరగలేడు.

నేను ఆయనకు మూడో పెళ్ళాన్ని. నా పేరు నసియెకు. పెద్దావిడ నూన్కిపా. నడిమి ఆవిడ పుట్టింటికని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదని అడిగేవాళ్ళు పర్మువాట్‌తో ఒక్క పూట గడిపి చూస్తే మళ్ళీ అడగరు.

ఆయనకు తెలియనిది లేదు. వాన ఎప్పుడు వస్తుందో తెలుసు, రాకపోతే ఎందుకు రాలేదో అంతకంటే బాగా తెలుసు. ఇల్లు కట్టేది మేము, పేడతో అలికేది మేము, కప్పు కారితే పేడ ఎలా కలపాలో పడుకుని చెప్పేది ఆయన. మేకను కోస్తే కాలేయం ఆయనది, పక్కటెముకలు ఆయన స్నేహితులవి, బొమికల చారు మాది. ముక్కులో నశ్యం పొడి ఎక్కించి, కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని కూర్చుంటే, ఆవుల మంద అంతా తన తెలివి వల్లే నిలబడి ఉందన్నట్టు ఉండేవాడు. నా మీద కోపం వచ్చిన రోజున ‘దుమ్ములగొండి మొహందానా’ అని తిట్టేవాడు. ఆ తిట్టు తర్వాత ఆయన నోట్లోనే ఇరుక్కుంది. ఆ సంగతికే వస్తున్నాను.

చచ్చిపోయినవాణ్ణి మావాళ్ళు మట్టిలో పెట్టేవాళ్ళు కాదు. ఒళ్ళంతా గొర్రె కొవ్వు రాసి, కొత్త చెప్పులు తొడిగి, చేతిలో గుప్పెడు పచ్చగడ్డి పెట్టి, మైదానంలో ఎడమ పక్కకు ఒత్తిగిల్లినట్టు పడుకోబెట్టి వచ్చేవాళ్ళు. పొద్దు వాలకముందే దుమ్ములగొండి వచ్చి తినేసిందా, మంచివాడు. తెల్లారినా ముట్టలేదా, వాడిలో ఏదో దోషం ఉందన్నమాట. అప్పుడు ఇంటివాళ్ళు గొర్రెను కోసి పక్కన పడేసి, ఆ వాసనకు వాటిని రప్పించి, ఎలాగో ముట్టించి పరువు కాపాడుకునేవాళ్ళు. ఇప్పుడు చర్చి ఉన్న చోట గుంటలు తవ్వుతున్నారు. మా వాడ చర్చికి దూరం. దుమ్ములగొండికి దగ్గర.

ఇంకో సంగతి కూడా ఉంది. మనిషి ఇంట్లో చనిపోతే ఆ ఇల్లు ఇక పనికిరాదు, వదిలేసి వేరే కట్టుకోవాలి. అందుకని పోతాడనుకున్నవాణ్ణి పోకముందే బయటికి మోస్తారు. మగవాళ్ళకు ఇది ఆచారం. ఇల్లు కట్టే ఆడవాళ్ళకు ఇది నడుము నొప్పి.

వానలు బాగా పడ్డ ఏడు పర్మువాట్‌కు జ్వరం తగిలింది. కళ్ళు తేలేశాడు, పిలిస్తే పలకడు. మాలో ఏ పెళ్ళాం ఇల్లు ఆ పెళ్ళానిదే. నూన్కిపా అప్పుడే తన ఇల్లు కొత్తగా కట్టింది.

“నీ ఇంటికి తీసుకుపోవే నసియెకూ. నీ దగ్గరైతే గాలి బాగా ఆడుద్ది,” అంది.

“గాలి ఆడేది చిల్లులుండబట్టి అక్కా. జ్వరం మనిషికి నీ ఇల్లే వెచ్చగా ఉంటది.”

“మొన్ననే అలికానే.”

“అందుకేగా వెచ్చగా ఉంది.”

ఇలా మేము ఆయన్ని నీ ఇంటికంటే నీ ఇంటికని ఒకరి మీదికి ఒకరు తోసుకుంటూ ఉండగా పక్కింటి సిరోంకా వచ్చాడు. ఈయనతో కలిసి సున్నతి చేయించుకున్న జతవాడు, చిన్నప్పటి నుంచి ఈయనతో పోటీ పడేవాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు. “అయిపోయినట్టేలే,” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది బాధ అని నేను అనలేను. మేమూ కాదనలేదు. కొవ్వు రాశాం, చెప్పులు తొడిగాం, సిరోంకా, ఇంకో ఇద్దరు మోసుకుపోయి పడుకోబెట్టి వచ్చారు. వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి ఎవరూ చూడలేదు.

తెల్లారి పాలు పితుకుతున్నాం. ముళ్ళకంచె వాకిట్లో పర్మువాట్ నిలబడి ఉన్నాడు. ఒళ్ళు కొవ్వుతో నిగనిగలాడుతోంది. చేతిలో గడ్డి అలాగే ఉంది. నూన్కిపా చేతిలో పాలబుర్ర జారి పగిలింది.

“ఈ చెప్పులు ఎవడు కుట్టాడే,” అన్నాడు మా ఆయన. “వేళ్ళు ఒరుసుకుపోతున్నాయి.”

బతికుండగా తీసుకుపోయి పడేశారని మా మీద కోపం వస్తుందనుకున్నాం. రాలేదు. ఆచారం ఆచారమే అన్నాడు. ఆయన కోపమంతా దుమ్ములగొండి మీద.

“వచ్చిందే,” అన్నాడు, సంకటి తింటూ. “పెద్దది, ఆడది. చెవి చిరిగి ఉంది. మొహం మీద ఊపిరి తగిలింది. నేను కదల్లేకపోయా. వాసన చూసింది, తుమ్మింది, పోయింది.”

“బతికున్నావు కాబట్టి పోయింది,” అన్నాను.

“దానికి ఆ పట్టింపు ఎప్పటి నుంచే? కిందటేడు సంతలో తాగి దారిలో పడుకున్నవాడి మడమ పీక్కుపోలా? వాడు బతికిలేడా?”

“నశ్యానికి తుమ్మి ఉంటది,” అంది నూన్కిపా.

ఆ మాట మా ఆయనకు నచ్చింది. దోషం తనలో లేదు, నశ్యంలో ఉంది. ఆ రోజే పొడి డబ్బా విసిరేశాడు. ముప్పై ఏళ్ళుగా ఇల్లంతా తుమ్ములతో మమ్మల్ని చంపినా మాననిది, దుమ్ములగొండి ఒక్కసారి తుమ్మితే మానేశాడు.

ఊరు మాత్రం నశ్యం మాట నమ్మలేదు. సిరోంకా అయితే ఎదురుపడ్డప్పుడల్లా దాన్నే తవ్వేవాడు. “ఎముకలు తింటయి, డెక్కలు తింటయి, నా పాత నడుంపట్టీ కూడా తినేసినయి. నీలో ఏముందయ్యా పర్మువాట్, వాటికి కూడా సయించనిది?” పెద్దమనుషులు కూర్చున్న చోట ఈయన నోరు తెరిస్తే ఎవడో ఒకడు మెల్లిగా తుమ్మేవాడు. జీవితమంతా ఇతరులకు చెప్పిన మనిషికి చెప్పడానికి చోటు లేకుండా పోయింది. చూస్తే నాకే పాపం అనిపించింది, ఆ సంగతి ఆయనకు తెలియనివ్వలేదు.

అప్పుడు పట్టుకుంది ఆయనకు ఆ పిచ్చి. ఇక మిగిలిన కోరిక ఒక్కటే: ఈసారి నిజంగా చచ్చిపోయినప్పుడు, పొద్దు వాలకముందే, అందరికీ తెలిసేట్టు దుమ్ములగొండ్లు తనను తినాలి. అందుకు వాటికి తను ముందే అలవాటు కావాలి, తన వాసన అంటే మంచి తిండి అని వాటికి గుర్తుండాలి. ఇది ఆయన లెక్క. చెప్పినప్పుడు నూన్కిపా మొహం పక్కకు తిప్పుకుంది. నేను నవ్వు ఆపుకోలేక దూడను వెతికే వంకతో బయటికి పోయాను.

చెదపుట్టల అవతల వాగు గట్టులో వాటి బొరియలు ఉండేవి. సాయంత్రం ఎండ తగ్గగానే ఆవు ఈనిన మాయ, గొర్రె పేగులు, బొమికలు తోలుసంచిలో వేసుకుని బయలుదేరేవాడు. మొదట దూరం నుంచి విసిరి వచ్చేవాడు. తర్వాత కొంచెం దగ్గరగా. ఒక వానాకాలం గడిచేసరికి చెవి చిరిగినది ఆయన చేతి దగ్గర నుంచి ముక్క అందుకునే దాకా వచ్చింది. ఆలస్యం చేస్తే మూతితో చేతిని పొడిచేదట.

“ఎక్కడికి?” అని ఎవరైనా అడిగితే నూన్కిపా చెప్పేది: “చిన్నావిడ దగ్గరికి.”

చెవి చిరిగినదానికి ఆ పేరు అలా నిలిచిపోయింది. చిన్నావిడ కోసం ఒకరోజు కాలేయం పట్టుకుపోతుంటే నేను వాకిట్లో అడ్డం నిలబడ్డాను. “ఇన్నేళ్ళు కాపురం చేశా, నా నోటికి కాలేయం రుచే తెలీదు,” అన్నాను. ఆయన ఆలోచించాడు, చాలాసేపు ఆలోచించాడు. “నువ్వు నన్ను తినవు కదే,” అన్నాడు. అది నిజమే. నమిలినా మింగుడుపడే మనిషి కాదు.

రోజూ చూడటం వల్ల వాటి కాపురాల సంగతులన్నీ ఆయనకు తెలిశాయి. సాయంత్రం వచ్చి ఆశ్చర్యపోతూ మాకు చెప్పేవాడు.

“పెత్తనమంతా ఆడదాందేనే. ఒళ్ళు కూడా ఆడదే పెద్దది. అది తిన్నాక దాని కూతుళ్ళు, తర్వాత మిగతా ఆడవి. మగది చివర్న తింటది. మిగిలితే.”

“మిగలకపోతే?” అంది నూన్కిపా.

“పస్తే.”

“బొమికల చారు కూడా ఉండదా?”

ఆ ఎత్తిపొడుపు ఆయనకు తగల్లేదు. “ఇంకోటి చూడు. మగది పుట్టిన మందలో ఉండదు. పెరిగాక వేరే మందకు పోయి, తల వంచుకుని, తోక ముడుచుకుని, ఎవరూ కరవకుండా చూసుకుంటా బతకాల.”

“కొత్తకోడలన్నమాట,” అన్నాను నేను.

“మరి రాత్రిళ్ళు నవ్వుతాయి కదా, అది నవ్వు కాదు. తన్నులు తినేది చేసే కూత.”

“తెలుసు,” అంది నూన్కిపా. “పెళ్ళయిన కొత్తలో నేనూ అట్లాగే నవ్వేదాన్ని.”

ఆయన ఒక్క క్షణం ఆవిడ మొహం వైపు చూశాడు. ఆ తర్వాత కర్ర తీసుకుని దూడల దగ్గరికి పోయాడు. అలా మధ్యలో మాట ఆపి లేచిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

దుమ్ములగొండి ఎంగిలి తిండి తింటుందని అందరూ అంటారు, ఆయనా అనేవాడు. తీరా చూస్తే జీబ్రాను తరిమి పట్టేది అవే, సింహం వచ్చి లాక్కుని కూర్చుంటుంది. పొద్దున్నే అటుగా వెళ్ళినవాళ్ళు సింహం వేటాడిందనీ ఇవి ఎంగిలికి కాచుకున్నాయనీ అనుకుంటారు. ఈ అన్యాయం ఆయన మనసులో బాగా నాటుకుంది. సింహాన్ని పట్టుకుని తిట్టేవాడు. “ఒళ్ళొంచి పని చెయ్యదు, జూలు విదిలిస్తా తిరుగుద్ది, ఆడవి తెచ్చింది తింటది,” అనేవాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం.

ఒకరోజు సాయంత్రం వచ్చి, “చిన్నావిడకి నెలలు నిండినయి. రేపో మాపో కంటది. ఒళ్ళు బరువుగా ఉంది పాపం, కాన్పుకు తోడు ఎవరూ ఉండరు,” అని దిగులుగా కూర్చున్నాడు. నా ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు ఈ మనిషి ఎద్దు బేరానికి పోయి ఉన్నాడు. తర్వాత కొన్నాళ్ళకు మేకను కోసినప్పుడు ముందుగా మంచి ముక్క నూన్కిపా ముందు పెట్టాడు, తర్వాత నా ముందు, తను చివర్న కూర్చున్నాడు. నూన్కిపా భయపడి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. “మళ్ళీ జ్వరమొచ్చిందేంటే ఈయనకి,” అంది. జ్వరం కాదు. రోజూ చూసి చూసి ఆయనకు తెలియకుండానే అలవాటు పడింది.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. సిరోంకా కంచెలో ముళ్ళు ఎండి సందు పడింది. బాగుచేయమని వాళ్ళావిడ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆ సందులోంచి దుమ్ములగొండ్లు దూరి చూలు మీద ఉన్న పెయ్యను చంపాయి. సంతలో కొట్టుకు పోయి సిరోంకా పురుగులమందు పొడి తెచ్చాడు. మిగిలిన కళేబరం మీద చల్లి బొరియల దగ్గర పడేస్తే మంద మొత్తం చచ్చి పీడ వదులుతుంది. మగవాళ్ళంతా ఊ అన్నారు. ఆవులు పోతున్న వాడలో దుమ్ములగొండి తరఫున మాట్లాడేవాడు ఎవడుంటాడు?

మా ఆయన గబగబా వెళ్ళి ఆ చచ్చిన పెయ్య మీద కూర్చున్నాడు. కింద ఈగలు ముసురుతున్నా కదల్లేదు.

“లెగవయ్యా,” అన్నాడు సిరోంకా. “చిన్నావిడ మీద ప్రేమ ఇంట్లో చూపించుకో.”

“చల్లు. నా మీద కూడా చల్లు.”

“నాకు పోయింది పెయ్య. ఎగతాళి కాదిది.”

“పోయింది. నీ కంచె సందు వల్ల పోయింది. సరే, మందు పెడతావు, అవన్నీ చస్తయి, వాటిని తిన్న రాబందులూ చస్తయి. అప్పుడు నువ్వు చస్తే నిన్ను ఎవరు తింటారు సిరోంకా?”

చుట్టూ కూర్చున్నవాళ్ళంతా తల నెరిసినవాళ్ళే.

“వేరే మంద వస్తదిలే,” అన్నాడు సిరోంకా, ఇందాకటి ఊపు లేకుండా.

“వస్తది. నువ్వెవరో తెలియని మంద. ఏళ్ళ తరబడి ఇక్కడే తిరిగినవి నన్ను వాసన చూసి పోయినయి. నిన్నటిదాకా నీ పేరు వినని దుమ్ములగొండి నిన్ను ముట్టుకుంటదంటావా? తెల్లారేదాకా అట్లాగే పడుంటావు. మీ పిల్లలు గొర్రెను కోసి పక్కన పడేస్తారు. అది గొర్రెను తిని నిన్ను వదిలేసి పోద్ది.”

పెద్దమనుషుల మొహాలు చూడాల్సింది. పెయ్య మాట ఎవరికీ గుర్తు లేదు. ఒకాయన దగ్గి, దుమ్ములగొండి కూడా దేవుడు చేసిన ప్రాణమే కదా అన్నాడు. ఇంకొకాయన తనకు ఎప్పటి నుంచో అదే అభిప్రాయం అన్నాడు. చివరికి మందు వెయ్యకూడదని, కంచెలు బాగుచేసుకోవాలని తీర్మానమైంది. బాగుచేసింది ఎవరని అడక్కండి, ముళ్ళు గుచ్చుకున్న చేతులు మావి. ఆ తర్వాత చూస్తే సాయంత్రమయ్యేసరికి ఒక్కొక్క ముసలాయన దుప్పటి కింద ఏదో దాచుకుని, ఒంటరిగా, చెదపుట్టల వైపు షికారుకు బయలుదేరేవాడు. సిరోంకా అందరికంటే పెద్ద మూట. ఆ ఏడు మా దుమ్ములగొండ్లకు పట్టినంత ఒళ్ళు మా ఆవులకు పట్టలేదు. కడుపు నిండిన మందకు కంచెలు దూకే ఓపిక కూడా తగ్గింది.

ఈ వార్త ఎలా పోయిందో, జంతువులను కాపాడే సంఘం వాళ్ళు జీపులో దిగారు. ఒక తెల్లదొరసాని, మా భాష వచ్చిన పట్నం కుర్రవాడు. మా ఆయనకు ఆకుపచ్చ టోపీ పెట్టారు. దుమ్ములగొండి మీద ఇంత ప్రేమ ఎందుకని దొరసాని అడిగింది.

“ఎందుకేంటి, నన్ను తినడానికి,” అన్నాడు మా ఆయన.

కుర్రవాడు ఆవిడ వైపు తిరిగి ఏదో చెప్పాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఏం చెప్పావురా అని తర్వాత నేను అడిగితే, “ఈ భూమి మనదే కాదు, వాటిది కూడా అన్నాడని చెప్పానమ్మా,” అన్నాడు. అంత మంచి మాట మా ఆయన జన్మలో అనలేదు. ఫొటోలో మాత్రం అన్నట్టే ఉన్నాడు.

నూన్కిపా కొడుకు యోనా కూడా ఆ రోజుల్లోనే వచ్చాడు. పట్నంలో పాస్టరు. తండ్రికి బాప్తిస్మం ఇచ్చి, పోయాక సిమెంటు సమాధి కట్టించాలని అతని ఆశ.

“మట్టిలో పడుకుంటే పునరుత్థాన దినాన లేస్తావు నాన్నా.”

“ఒకసారి లేచినందుకే ఇంత పరువు పోయింది,” అన్నాడు మా ఆయన. “మళ్ళీ లేపకండి నన్ను.”

యోనా ఊరుకోలేదు. తర్వాత తండ్రి నిజంగా పోయినప్పుడు, కబురు అందగానే మంచి చెక్కపెట్టె చేయించి వ్యానులో తెచ్చాడు. అప్పటికి పెట్టెలో పెట్టడానికి ఏమీ మిగల్లేదు. పాపం ఏడ్చుకుంటూ వెళ్ళాడు. పెట్టెలో నూన్కిపా ఇప్పుడు మొక్కజొన్న పిండి పోసుకుంటోంది, పురుగు పట్టదట.

మా ఆయన పోయింది ఎండాకాలంలో. ఒకరోజు తెల్లవారగానే దుప్పటి కప్పుకుని, కర్ర పట్టుకుని, మెల్లిగా కంచె దాటి అవతలి తుమ్మచెట్టు నీడన కూర్చున్నాడు. నేను టీ పట్టుకెళ్ళాను.

“లోపలికి రారాదూ, గాలి చల్లగా ఉంది,” అన్నాను.

“వద్దులే. అలికిన ఇల్లు పాడైపోద్ది,” అన్నాడు.

పక్కన కూర్చున్నాను. టీ సగం తాగాడు. బాగుంది అన్నాడు. నా చేతి టీ బాగుందని ఆయన అనడం అదే మొదలు, దానికి జవాబు చెప్పేలోపే ఆయన తల చెట్టుకు వాలిపోయింది.

ఈసారి నూన్కిపా మంద మొత్తంలో బాగా కొవ్విన గొర్రెను ఏరి తెచ్చింది. ఇద్దరం కలిసి గోళ్ళ సందుల్లో కూడా వదలకుండా కొవ్వు రాశాం. చెప్పులు వదులుగా కుట్టించాం. సిరోంకా వాళ్ళు మోసుకెళ్ళి బొరియలకు అందేంత దూరంలో పడుకోబెట్టి, ఆచారం ప్రకారం వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. మేము వెళ్ళలేదు. చెదపుట్ట వెనక దాక్కున్నాం. ఆయన ఎదురుచూసింది జరుగుతుందో లేదో చూడకుండా నేను ఇంటికి పోలేకపోయాను.

ఎండ ఇంకా ఉండగానే వచ్చాయి. ముందు చెవి చిరిగినది, వెనక దాని కూతుళ్ళు, ఇంకా వెనక మగవి తలలు వంచుకుని. నూన్కిపా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “వచ్చేశాయి. వచ్చేశాయే. గెలిచాడు,” అంది.

చిన్నావిడ ఆయన మొహం వాసన చూసింది. తుమ్మలేదు. గడ్డి పెట్టిన చేతిని మూతితో పొడిచింది. కాసేపు ఆగి మళ్ళీ పొడిచింది. ఆ తర్వాత ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని ఆయన పక్కనే పడుకుంది. మిగతావి చుట్టూ కూర్చున్నాయి. ఒక కుర్ర మగది ఆకలికి ఆగలేక ఆయన కాలి దగ్గరికి పాకింది. చిన్నావిడ లేచి దాని మెడ కరిచి తరిమేసి, వచ్చి మళ్ళీ అక్కడే పడుకుంది.

నాకు అప్పుడు అర్థమైంది. ఆయన లేచి సంచి విప్పుతాడని చూస్తున్నాయి.

“మళ్ళీ కాదన్నాయా?” అంది నూన్కిపా. “గొర్రెను తెస్తా. కోసి పడేద్దాం.”

“గొర్రె వద్దక్కా.”

నేను పుట్ట వెనక నుంచి లేచి నడిచాను. భయం వేయలేదని చెప్పను. చిన్నావిడ తల ఎత్తింది. అంత దగ్గరగా దాన్ని చూడటం నాకు అదే మొదలు. ముసలిదైపోయింది, మూతి దగ్గర నెరిసింది. ఇన్నేళ్ళూ నాకు దక్కాల్సిన కాలేయం తిన్నదని దాని మీద పెంచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు.

“ఇక ఆయన లెగడమ్మా,” అన్నాను. “నీ కోసమే వచ్చాడు. తినెయ్. ఆయన కోరింది అదొక్కటే.”

అది నా వైపు చూసింది. ఆయన చేతిని ఇంకోసారి పొడిచింది. తల మళ్ళీ కాళ్ళ మీద పెట్టుకుంది.

పొద్దు వాలింది. చీకటి పడుతుంటే మేము ఇంటికి రాక తప్పలేదు. తెల్లవారగానే వెళ్ళి చూశాం. నేల మీద ఏమీ లేదు, చెప్పులు కూడా లేవు. ఎంతసేపు ఆగి చూశాయో, ఎప్పుడు ఇక లాభం లేదనుకున్నాయో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

కంచె వాకిట్లో సిరోంకా మా కోసమే కాచుకుని ఉన్నాడు. వెనక మగవాళ్ళంతా ఉన్నారు.

“తిన్నాయా?”

“తిన్నాయి,” అంది నూన్కిపా.

“ఎప్పుడు? తెల్లారుజామునా?”

నూన్కిపా అబద్ధం చెప్పగా నేను ఏనాడూ వినలేదు. ఆ మనిషి సిరోంకా కళ్ళలోకి సూటిగా చూసింది. “పొద్దు వాలకముందే. మీరు ఇంకా ఇల్లు కూడా చేరుండరు. కొట్టుకుని తిన్నాయి.”

పర్మువాట్‌తో చిన్నప్పటి నుంచి పెట్టుకున్న పోటీలో సిరోంకా ఆ ఒక్క మాటతో ఓడిపోయాడు. “మంచివాడేనన్నమాట,” అన్నాడు. “దుమ్ములగొండికి మనిషి సంగతి తెలిసిపోద్ది.”

“తెలుస్తది,” అన్నాను. ఇంకో ముక్క మాట్లాడితే అక్కడే ఏడ్చేస్తానని పాలబుర్ర అందుకుని ఆవుల దగ్గరికి వెళ్ళిపోయాను.